చిట్టి మోకాలు, నా నిద్ర

మా చిట్టికి మోకాలి ఆపరేషన్ చేయించాలా వద్దా అని మూడు వారాల నుంచి ఇంట్లో ఇదే గోల. చిట్టి మా పొమేరేనియన్ కుక్క, ఆరేళ్లు. పరిగెడుతూ పరిగెడుతూ వెనక కాలు ఎత్తేసి నాలుగడుగులు మూడు కాళ్ల మీద గెంతుతుంది, కాలు ఒకసారి వెనక్కి విదిలిస్తుంది, అంతే, ఏం జరగనట్టు మళ్లీ గేటు దాకా ఉరుకుడు. మొదట చూపించిన డాక్టర్ ఎక్స్‌రే చూసి రెండు నిమిషాల్లో సర్జరీ అనేసి ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టాడు, అది చూసి నాకు సగం ప్రాణం పోయింది.

ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు దాన్ని నడిపించి చూసింది, తర్వాత నా వేలు దాని మోకాలి మీద పెట్టించి చిప్పని మెల్లగా నెట్టింది, అది టక్కుమని పక్కకి జారి కాలు చాచగానే మళ్లీ గాడిలో పడటం నా వేలికి తెలిసింది, ఒళ్లు జలదరించింది. చిట్టి మాత్రం నా మొహం నాకుతోంది! ఇలా చిప్ప జారడానికి తీవ్రతని బట్టి 1 నుంచి 4 దాకా గ్రేడులుంటాయట, మనది 2. 3, 4 అయితే, లేదా రోజూ కుంటుతూ నొప్పి పడుతుంటే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం, ముందు బరువు తగ్గించండి అంది. నాలుగు కేజీలుండాల్సింది ఐదున్నర ఉంది, అంతా అమ్మ పెరుగన్నం పుణ్యమే, ఏమన్నా అంటే "పాపం నోరు లేని జీవం రా" అంటుంది.

టైల్స్ మీద జారకుండా హాలంతా మ్యాట్లు పరిచాం, సోఫా ఎక్కడం బంద్. రెండు నెలల తర్వాత మళ్లీ చూపించాలి. కుంటినప్పుడల్లా క్యాలెండర్ మీద టిక్ పెడుతున్నా, ఈ వారం రెండే.