అంచు అతుకు చెప్పిన సంగతి

"అరవై డాలర్లు పెట్టి తుప్పు డిప్ప కొన్నారా?" అని మా ఆవిడ అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. మేముండేది డెట్రాయిట్ శివార్లలోని నోవైలో. రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజ్ సేల్ పెట్టారు. బల్ల మీద అమెరికా సైన్యం వాడిన ఎం1 హెల్మెట్, దాని మీద 'నార్మండీ 1944' అని చీటీ. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్ర సైన్యాలు దిగిన ఫ్రాన్స్ తీరం కదా నార్మండీ అంటే, నాకింకేం కావాలి!

ఇంటికి తెచ్చీ తేగానే ఫ్రిజ్ మీదున్న వెంకన్నబాబు మాగ్నెట్ తీసి దానికి ఆనించాను. అంటుకోలేదు, జారి కింద పడింది. స్టీల్ అన్నారు కదా, ఇదేదో రేకుబొమ్మ అని గుండె జారింది. తర్వాత చదివితే అసలు సంగతి తెలిసింది. ఎం1 పై డిప్ప హ్యాడ్‌ఫీల్డ్ స్టీల్‌తో చేసేవారు. అందులో మాంగనీసు పన్నెండు శాతం దాకా ఉంటుంది, అయస్కాంతానికి అంటదు. తర్వాత యూరప్‌లో మామూలు స్టీల్‌తో చేసిన నకళ్లకే అంటుకుంటుంది. అంటే స్వామి నన్ను పాస్ చేశాడన్నమాట.

ఆ ఆనందంలోనే పెద్ద తప్పు చేశాను. గిన్నెలు తోమే స్టీల్ పీచుతో ఒక పక్క రుద్దేశాను. అరచేయంత మేర పై రంగు లేచిపోయింది. పాత హెల్మెట్‌కి రంగే ప్రాణమని, దాన్ని గీకితే విలువ పడిపోతుందని అప్పటికి నాకు తెలీదు. దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో దులపాలి, అంతే. అయితే గీకిన చోట కింది పొర బయటపడింది. పైన ఇసుక కలిపిన రంగు, కింద గరుగ్గా కార్క్ పొడి కలిపిన రంగు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరుపు కనపడకుండా కార్క్ వేసేవారు, ఇసుక ఆ తర్వాతి పద్ధతి. అంటే మధ్యలో ఎప్పుడో మళ్లీ రంగేశారు.

ఇక నంబరు వెతకాలి. ముందు అంచు లోపల చిన్నగా గుద్ది ఉంటుంది. రంగు పొరల కింద కనపడి చావలేదు. దేవుడి గదిలోంచి చిటికెడు విభూతి తెచ్చి రుద్ది, పక్కనుంచి టార్చి వేస్తే నాలుగంకెలు, ఒక అక్షరం తేలాయి. అది కరిగించిన స్టీల్ ఏ విడతదో చెప్పే నంబరు. దానితో పాటు 'ఎస్' ఉంటే సెయింట్ లూయీలోని ష్లూటర్ కంపెనీది. నాదానికి లేదు. అంటే యుద్ధకాలంలో వీటిని చేసిన రెండో కంపెనీ మెకార్డ్ వాళ్లదే, మా డెట్రాయిట్‌దే! కార్లకు రేడియేటర్లు చేసిన కంపెనీ అది. నేనూ కార్ల కంపెనీలోనే పనిచేస్తాను కాబట్టి కాస్త గర్వంగా అనిపించింది.

నార్మండీ సంగతి తేల్చింది మాత్రం అంచు చుట్టూ ఉండే సన్నటి పట్టీ. దాని రెండు కొసలు కలిసే అతుకు 1944 చివరి దాకా ముందువైపు ఉండేది, తర్వాత వెనక్కి మార్చారు. నాదానికి వెనకే ఉంది. సైన్యాలు నార్మండీలో దిగింది 1944 జూన్ 6న. అప్పటికి ఈ డిప్ప పుట్టనేలేదు.

లోపలి లైనర్, అంటే స్టీల్ డిప్ప కింద తలకి పెట్టుకునే విడి టోపీ, ఇంకో కథ. నేను రెండూ ఒకే వస్తువనుకున్నాను, అదే అసలు పొరపాటు. డిప్పలన్నీ ఒకే సైజు, లోపల ఏ లైనరైనా పడుతుంది. సైనికులూ మార్చుకునేవారు, డిపోల్లోనూ మారేవి, అమ్మేవాళ్లూ మారుస్తారు. దేని వయసు దానికి విడిగా చూడాలి. నా లైనర్‌లో 'డీఎస్ఏ 100' (డీఎస్ఏ అంటే అమెరికా సైన్యానికి సరుకులు కొన్న సంస్థ) అని మొదలయ్యే కాంట్రాక్టు నంబరు, దాని పక్కనే 68 ఉన్నాయి. ఆ 68 కాంట్రాక్టు సంవత్సరం. వియత్నాం రోజుల లైనర్, దాని మీద అంతకు ఇరవై మూడేళ్లో ఏమో పాత డిప్ప!

వారం ఆగి ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాను, డబ్బులు అడగడానికి కాదు. ఆవిడ నవ్వేశారు. "ఆ చీటీ రాసింది మా మనవడు. మా అన్నయ్య వెళ్లింది కొరియాకి" అన్నారు. అది సరిగ్గా సరిపోతుంది. కొరియా యుద్ధంలో పాత డిప్పలు చాలా వాడారు. లైనర్ ఎక్కడిదో మాత్రం ఆవిడకీ తెలీదు.

ఇప్పుడు డిప్ప ఒక అరలో, లైనర్ ఇంకో అరలో ఉన్నాయి. లైనర్‌లో వెల్లుల్లిపాయలు పోసుకుంటానని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.