ఆరుగురి బల్ల: పద్నాలుగు రాత్రుల పోకర్ లెక్కలు

శనివారం రాత్రులు హైదరాబాదులోని ఒక మిత్రుని ఇంట్లో ఆరుగురం కూర్చొని ఆడుతున్న నో-లిమిట్ హోల్డెమ్ పోకర్‌లో పద్నాలుగు రాత్రులు పూర్తయ్యాయి. ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండు రహస్య ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, పందేనికి పైహద్దు లేదు. మా ఆటలో డబ్బు లేదు. తెలంగాణలో 2017 నాటి సవరణలతోనే ఆన్‌లైన్ పందెపు ఆటలు నిషేధంలోకి వచ్చాయి, 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. మాకు కావలసింది ఆట మాత్రమే కనుక చిప్పులతోనే సరిపెట్టుకున్నాము. అయితే పోయేది ఏమీ లేనప్పుడు ప్రతివారూ ప్రతి పందేనికీ కాల్ చేస్తారు (అంతే మొత్తం వేసి ఆటలో నిలుస్తారు), అప్పుడు నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుచేత ఒక్కొక్కరం 200 చిప్పులతో కూర్చుంటాము, బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేయవలసిన పందేలు, 1 (స్మాల్ బ్లైండ్), 2 (బిగ్ బ్లైండ్), ఆ ఇద్దరి స్థానాల పేర్లూ అవే, ఆ రాత్రి లాభనష్టాలు ఉమ్మడి పట్టికలో చేరి తరువాతి వారానికి కొనసాగుతాయి. చిప్పులు అయిపోయినవారు మరో 200 తీసుకోవచ్చు, కాని అవి వారి పేరిట అప్పుగా నిలుస్తాయి. ఈ చిన్న ఏర్పాటుతోనే రెండో వారానికల్లా అందరూ ఆలోచించి ఆడడం మొదలైంది.

పంపకానికి ఒక్కో స్థానం జరిగే బటన్ (పంచేవారి గుర్తు; దాని తరువాతి ఇద్దరు బ్లైండ్లు కడతారు) బల్ల చుట్టూ పద్నాలుగు సార్లు తిరగగానే ఆట ముగుస్తుంది. అంటే రాత్రికి 84 పంపకాలు, ప్రతి ఒక్కరికీ ప్రతి స్థానమూ సరిగ్గా పద్నాలుగు సార్లు వస్తుంది. ఒక కట్ట పంచుతుండగా రెండో కట్టను మరొకరు కలిపి సిద్ధంగా ఉంచితే ఇది మూడు గంటల్లో పూర్తవుతుంది. ఒకే కట్టతో ఆడిన మొదటి రాత్రి నాలుగు గంటలు దాటింది.

నేను చిన్నప్పటి నుంచి పదమూడు ముక్కల రమ్మీ ఆడినవాడిని. మా ఇంటి లెక్కలో మొదటి డ్రాప్‌కు 20, పూర్తిగా ఓడితే 80. ముక్కలు బాగా లేకపోతే వెంటనే డ్రాప్ చెప్పడమే తెలివి అని పెద్దలు నేర్పారు. ఆ అలవాటును యథాతథంగా పోకర్‌లోకి తెచ్చుకున్నాను. తొమ్మిది మంది కూర్చునే బల్ల దగ్గర అది కొంతవరకు నడుస్తుంది, ఎందుకంటే ఒక చుట్టుకు కట్టవలసిన ఒకటిన్నర బిగ్ బ్లైండ్ల (3 చిప్పుల) ఖర్చు తొమ్మిది పంపకాలకు పంచబడి పంపకానికి 0.17 మాత్రమే అవుతుంది. ఆరుగురి బల్ల దగ్గర అదే ఖర్చు పంపకానికి 0.25, నలుగురైతే 0.375. మంచి ముక్కల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి చెల్లించే అద్దె ఇది, మనిషి తగ్గినకొద్దీ పెరుగుతుంది.

ఇక్కడ నేను మొదట తప్పుగా అర్థం చేసుకున్నాను. మనుషులు తక్కువైతే ఎక్కువ ముక్కలతో ఆడాలని విని, అన్ని స్థానాల నుంచీ సమానంగా ఎక్కువ ఆడాను. మొదటి ఐదు రాత్రుల పట్టికలో, నా ముందున్నవారందరూ ఫోల్డ్ చేసిన (ముక్కలు పడేసి తప్పుకున్న) సందర్భాల్లో, మొదటి స్థానం (బ్లైండ్ల తరువాతి, అందరికంటే ముందు నిర్ణయం చెప్పవలసిన స్థానం) నుంచి 21 శాతం, బటన్ నుంచి 24 శాతం ముక్కలతో రేజ్ చేసినట్లు (పందెం పెంచినట్లు) తేలింది. రెండు అంకెల మధ్య దాదాపు తేడా లేకపోవడమే నా అసలు లోపం. ఆరుగురి బల్లలో మొదటి స్థానమంటే, తొమ్మిది మంది బల్లలో ముందున్న ముగ్గురు ఫోల్డ్ చేశాక వచ్చే స్థానమే. అక్కడ వెనుక ఐదుగురు ఉన్నారు, ఇక్కడా ఐదుగురే ఉన్నారు. కనుక ముఖ్యమైనది బల్ల పరిమాణం కాదు, ఇంకా మాట్లాడవలసినవారు ఎందరున్నారన్నది.

దీన్ని నమ్మడానికి నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. రెండు ముక్కల కలయికలు మొత్తం 1,326. వాటిలో ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు కలిపి 34. వెనుక ఎనిమిది మంది ఉంటే వారిలో ఒకరికైనా ఈ ముక్కలు ఉండే అవకాశం సుమారు 19 శాతం, ఐదుగురైతే 12 శాతం, బటన్ మీద ఉండి ఇద్దరే మిగిలితే 5 శాతం. ఈ మూడు అంకెలను నేను ఆట వివరాలు రాసుకునే పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను. ఆరో రాత్రి నుంచి మొదటి స్థానాన్ని 16 శాతానికి తగ్గించి, బటన్‌ను 44 శాతానికి పెంచాను; ఒకే గుర్తున్న రాజు-5, వేరే గుర్తుల 10-9, ఆసుతో ఏ చిన్న ముక్కైనా బటన్ నుంచి రేజ్‌కు అర్హమే, మొదటి స్థానం నుంచి వీటన్నిటినీ మారుమాట లేకుండా పడేస్తున్నాను. రేజ్ ఎప్పుడూ 5 చిప్పులే, అంటే రెండున్నర బిగ్ బ్లైండ్లు. ముక్కల బలాన్ని బట్టి రేజ్ మొత్తాన్ని మారిస్తే మూడో వారానికల్లా మిత్రులు చదివేస్తారు.

బిగ్ బ్లైండ్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా చిప్పులు అన్నిటికంటే ఎక్కువగా కారిపోయింది అక్కడే. బటన్ 5కు రేజ్ చేసి, స్మాల్ బ్లైండ్ ఫోల్డ్ చేస్తే, మధ్యలో 8 చిప్పులు ఉంటాయి, నేను వేయవలసినవి 3. మూడు చిప్పులతో పదకొండింటి కోసం ఆడుతున్నాను కనుక 27 శాతం గెలుపు అవకాశం ఉంటే లెక్క సరిపోతుంది. ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) తరువాత ప్రతిసారీ ముందుగా మాట్లాడవలసిన ఇబ్బంది ఉన్నందున కొంత అదనంగా కావాలి, అయినా ఒకే గుర్తున్న దాదాపు ఏ రెండు ముక్కలైనా ఆ గీత దాటుతాయి. నేనేమో మొదటి ఐదు రాత్రులు పదింట ఏడుసార్లు ఫోల్డ్ చేశాను. ఆ రాత్రుల్లో బిగ్ బ్లైండ్ స్థానంలో కూర్చున్న 70 పంపకాల్లో 58 బిగ్ బ్లైండ్లు పోయాయి. ముక్కలు చూడకుండా ప్రతిసారీ పడేసినా 70 పోయేవి. తరువాతి తొమ్మిది రాత్రుల్లో 126 పంపకాలకు పోయినవి 55. బిగ్ బ్లైండ్ స్థానంలో లాభం ఆశించడం తప్పు, నష్టాన్ని తగ్గించుకోవడమే అక్కడి పని.

స్మాల్ బ్లైండ్‌లో దీనికి విరుద్ధంగా కాల్ చేయడం దాదాపు మానేశాను. ధర తక్కువగా కనిపించినా వెనుక మరొకరు ఉన్నారు, ఫ్లాప్ తరువాత అందరికంటే ముందు మాట్లాడాలి. ఆడదగిన ముక్కలైతే 21 చిప్పులకు తిరిగి రేజ్ చేస్తాను, లేకపోతే పడేస్తాను.

తొమ్మిదో రాత్రి వచ్చిన ఒక పంపకాన్ని మాత్రం పూర్తిగా రాసుకున్నాను. బిగ్ బ్లైండ్‌లో నా దగ్గర ఇస్పేటు 8-7. బటన్ 5కు రేజ్ చేశాడు, స్మాల్ బ్లైండ్ తప్పుకున్నాడు, నేను కాల్ చేశాను, మధ్యలో 11. ఫ్లాప్‌లో కళావరు రాజు, ఆఠీను 7, డైమను 2 వచ్చాయి. అతను 4 వేశాడు, ఏడుల జతతో కాల్ చేశాను. టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క) ఇస్పేటు 4, ఇద్దరమూ చెక్ (పందెం వేయకుండా ఆగాము). రివర్‌లో (ఐదో, చివరి ముక్క) ఆఠీను జాకీ, మధ్యలో ఉన్న 19కి అతను 14 వేశాడు. నాకు కావలసింది 30 శాతం. రాజు ఉంటే టర్న్‌లో అతను ఆగేవాడు కాదు, కనుక భయపడవలసింది జాకీకే: ఆసు, రాణి, 10, 9లతో కలిసిన జాకీలు ఒక్కొక్కటి 12 చొప్పున 48 కలయికలు. రాణి-10 పదహారు, 10-9 పదహారు, నా 8 పోగా 9-8 పన్నెండు, మొత్తం 44 ఉత్త చేతులు. అతను రివర్‌లో ఇలాంటివాటితో సగంసార్లు పందెం వేస్తాడని నా పుస్తకం చెబుతున్నది, అంటే 48, 22 కలిపి 70లో 22, 31 శాతం. కాల్ చేశాను. అతను జాకీ-9 చూపించాడు. చిప్పులు పోయినా ఈ పంపకాన్ని సరైన నిర్ణయాల వరుసలోనే చేర్చాను, రెండు నెలల క్రితమైతే లెక్క వేయకుండానే పడేసేవాడిని.

ఆట మధ్యలో నేను రాసేది స్థానం, ముక్కలు, చేసిన పని, అంతే. అదీ ఫోల్డ్ చేశాక, లేదా పంపకం ముగిశాక. కారణాలు ఇంటికి వచ్చాక ఆ రాత్రే రాస్తాను, తెల్లవారితే గెలిచినవన్నీ తెలివిగానూ ఓడినవన్నీ దురదృష్టంగానూ కనిపిస్తాయి. ఇప్పటికి మొత్తం మీద 96 బిగ్ బ్లైండ్ల లాభంలో ఉన్నాను, కాని ఆరుగురి ఆటలో వంద పంపకాలకు హెచ్చుతగ్గులు 90 బిగ్ బ్లైండ్ల వరకు ఉంటాయనుకుంటే, 1,176 పంపకాలకు అవి సుమారు 310 అవుతాయి (హెచ్చుతగ్గులు పంపకాల సంఖ్య వర్గమూలాన్ని బట్టి పెరుగుతాయి). ఆ 96ను కేవలం అదృష్టం కూడా తేగలదు. బిగ్ బ్లైండ్ అంకెలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. అందుకే నేను కొలిచేది చిప్పులను కాదు, ఏ స్థానంలో ఎంత శాతం ఆడానన్నదాన్ని.

ఈ పద్నాలుగు కాక, ఇద్దరు రాలేకపోయిన రెండు రాత్రుల లెక్క విడిగా ఉంచాను. నలుగురి బల్లకు కొత్త నియమాలేవీ అవసరం కాలేదు: బటన్‌కు ముందు స్థానమే మొదటి స్థానమైంది, మిగిలినవన్నీ యథాతథం.

పన్నెండో రాత్రి నుంచి ఒక కొత్త చిక్కు వచ్చింది. బటన్ నుంచి నేను ఎక్కువగా రేజ్ చేస్తున్నానని గ్రహించి, బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారు 16కు తిరిగి రేజ్ చేస్తున్నారు. వారు అదనంగా 14 పెట్టి మధ్యలోని 8 కోసం ప్రయత్నిస్తున్నారు కనుక, నేను 64 శాతం కంటే ఎక్కువగా ఫోల్డ్ చేస్తే వారికి ఏ ముక్కలైనా లాభమే. మూడు రాత్రుల్లో ఇలా పదిహేను సార్లు జరిగింది, నేను పదకొండు సార్లు ఫోల్డ్ చేశాను, అంటే 73 శాతం. కాల్ చేయడానికి నాకు కావలసినది 11కు 33, మూడో వంతు అవకాశం. పైగా ఫ్లాప్ తరువాత చివరగా మాట్లాడేది నేనే. కాబట్టి వచ్చే నాలుగు రాత్రులు ఒకే గుర్తున్న 10-9, జాకీ-10, ఆసు-10, ఐదుల నుంచి పదుల వరకు జతలు కాల్ చేస్తాను, ఒకే గుర్తున్న ఆసు-5, ఆసు-4లతో మాత్రం 38కి మళ్లీ రేజ్ చేసి చూస్తాను. ఫోల్డ్ శాతం 55 దగ్గరకు వచ్చిందో లేదో పద్దెనిమిదో రాత్రి తరువాత ఇదే పట్టికలో రాస్తాను.