బొద్దింకతో మాట్లాడనన్న హీరో

మొన్న షూటింగులో, నేను ఒకటిన్నర పేజీ రాసిన సీన్ని మా సీరియల్లో తండ్రి వేషం వేసే ఆయన "ఇంత డైలాగెందుకమ్మా" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. డైరెక్టరు గారు నవ్వి ఊరుకున్నారు. రాత్రి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే హాలీవుడ్ రచయిత, దర్శకుడు బిల్లీ వైల్డర్ బొద్దింక గుర్తొచ్చింది.

1941లో వచ్చిన 'హోల్డ్ బ్యాక్ ది డాన్'కి స్క్రిప్టు వైల్డర్, చార్లెస్ బ్రాకెట్ కలిసి రాశారు. అమెరికా వీసా కోసం మెక్సికో సరిహద్దు ఊళ్లో, ఓ మురికి హోటల్లో పడున్న యూరప్ మనిషి కథ. గోడ మీద పాకే బొద్దింకని అతను కర్రతో అడ్డగించి, "ఎక్కడికి? నీ కాయితాలేవీ?" అని గదమాయిస్తాడు. ఆ ఒక్క ముక్కలో అతని బతుకంతా ఉంది. వైల్డర్ బతుకు కూడా. హిట్లర్ రాగానే 1933లో బెర్లిన్ వదిలి పారిపోయినవాడు, మరుసటేడు ఆ సరిహద్దులోనే ఉన్న మెక్సికాలీలో ఇలాగే వీసా కోసం పడిగాపులు పడ్డాడు.

హీరో చార్లెస్ బోయే మాత్రం జవాబు చెప్పని బొద్దింకతో మాట్లాడనన్నాడు. డైరెక్టరు సరేనన్నాడు. సీను పోయింది. వైల్డర్‌కి ఒళ్లు మండి, బొద్దింకతో మాట్లాడనివాడు ఇంకెవరితోనూ మాట్లాడక్కర్లేదని, మిగతా స్క్రిప్టులో బోయే డైలాగులు వీలైనంత కోసేశాడట. ఈ ముచ్చట వైల్డర్ తనే చెప్పుకునేవాడు, కాబట్టి కాస్త మసాలా ఉండే ఉంటుంది.

తన మాటలకి తనే కాపలా కాయాలనుకున్నాడు. 1942లో 'ది మేజర్ అండ్ ది మైనర్'తో హాలీవుడ్‌లో మెగాఫోన్ పట్టాడు. 'ది అపార్ట్‌మెంట్' (1960)కి ఉత్తమ చిత్రం, దర్శకత్వం, రచన, మూడు ఆస్కార్లూ ఇంటికి తెచ్చుకున్నాడు.

నాకు నచ్చేది వేరే. అంత పేరొచ్చాక కూడా ఒంటరిగా రాయలేదాయన. బ్రాకెట్‌తో విడిపోయాక కొన్నేళ్లకి కలిసి రాయడానికి ఐ.ఎ.ఎల్. డైమండ్ దొరికాడు. వాళ్లిద్దరూ రాసిన 'సమ్ లైక్ ఇట్ హాట్' సినిమా చివరి డైలాగు, "నోబడీస్ పర్ఫెక్ట్", డైమండ్ అన్నదే. ఇంతకన్నా మంచిది తట్టేదాకా ఇది ఉంచుదాం అనుకున్నారు. తట్టలేదు. జనం ఇప్పటికీ దాన్నే తలుచుకుంటారు.

నాకింకా డైమండ్ దొరకలేదు, మెగాఫోన్ సంగతి సరేసరి. రేపటి ఎపిసోడ్ మాత్రం రాసిచ్చేశాను. అందులో తండ్రి సీనంతా పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు.