మొటిమల జెల్, తిరుపతి ఎండ

మొటిమలు తగ్గాయని చూసి ఏం రాస్తున్నావని అందరూ అడుగుతున్నారు. బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, 2.5 శాతం, డాక్టర్ రాసిచ్చిందే. 10 శాతమైతే త్వరగా పోతాయనుకుంటారు గానీ, దాంతో మంట, పొట్టు రేగడమే ఎక్కువ. ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

మొదట్లో రోజు విడిచి రోజు, రాత్రిపూట, కడిగిన ముఖం బాగా ఆరాక పల్చగా రాశాను. కళ్లు, పెదాల దగ్గరికి పోనివ్వకూడదు. పైన మాయిశ్చరైజర్. చర్మం అలవాటు పడ్డాకే రోజూ. తేడా కనిపించడానికి నెలన్నర, రెండు నెలలైనా ఓపిక పట్టాలి.

ఇక దిండు గలీబుల సంగతి! ఈ జెల్ తగిలితే బట్టల రంగు వెలిసిపోతుంది. మచ్చలు చూసి అమ్మ, "ఇది మొహానికి రాసేదా, గోడలకు కొట్టేదా?" అంది. ఇప్పుడు నాకు తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు వేరు.

పగలు సన్‌స్క్రీన్ తప్పదు, అలిపిరి మెట్లెక్కే రోజైతే మరీను. ట్యూబును ఎండలో ఆపిన బండి డిక్కీలో మాత్రం వదలకండి. ఎక్కువ వేడికి ఈ మందు విడిపోయి, క్యాన్సర్ తెచ్చే రసాయనమైన బెంజీన్ పుట్టొచ్చు.

కాస్త మంట, పొడిబారడం మామూలే. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి పోవాలి.

ఎదురింటి పిన్ని పైన నిమ్మరసం కూడా పూయమంటోంది. వద్దు పిన్నీ, ఇప్పటికే చాలా మండుతోంది.