కంటెమ్: నా మొదటి అటెంప్ట్‌ను దెబ్బతీసిన ఒక్క మాట

అందరికీ నమస్తే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చింది. పీడీఎఫ్ తెరిచి మూడుసార్లు సరిచూసుకుని, ఆ తర్వాతే అమ్మకు ఫోన్ చేశాను. స్ట్రాటజీ రాయమని చాలామంది అడుగుతున్నారు. మ్యాథ్స్, రీజనింగ్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత పేపర్లు, మాక్ టెస్టులు, తప్పులు రాసుకున్న నోట్‌బుక్, అంతే. నేను చెప్పాలనుకున్నది ఇంగ్లిష్ గురించి. నాలాగా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ముఖ్యంగా చదవండి.

మొదటి అటెంప్ట్ టైర్ టూలో, అంటే రెండో దశ పరీక్షలో, ఒక మాటకు పర్యాయపదం అడిగారు. స్పెల్లింగ్ సి, ఓ, ఎన్, టి, ఈ, ఎం, ఎన్. కంటెమ్. నా కళ్లు దాన్ని కండెమ్ అనే చదివాయి. ఆప్షన్లలో సెన్షూర్ (తప్పుపట్టడం), స్కార్న్ (చిన్నచూపు చూడటం) రెండూ ఉన్నాయి. కండెమ్ అంటే ఖండించడమే కదా అని సెన్షూర్ పెట్టేసి ముందుకెళ్లాను. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆన్సర్ కీ వచ్చిన రాత్రి చూస్తే జవాబు స్కార్న్. రావాల్సిన 3 మార్కులు రాలేదు, తప్పు జవాబు పెట్టినందుకు వచ్చినవాటిలోంచి 1 పోయింది. నేను కోరుకున్న పోస్టు ఆ ఏడాది 3 మార్కుల లోపు తేడాతోనే చేజారింది. ఒక్క ప్రశ్న వల్లే పోయిందని అనను. కానీ ఆ రాత్రి రూమ్‌లో పైకప్పు చూస్తూ పడుకుని ఆ ఒక్క ప్రశ్నే తలుచుకున్నాను.

కొన్నాళ్లు పుస్తకం ముట్టలేదు. తర్వాత మళ్లీ హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నా పక్కన జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదివే ఒక అక్క కూర్చునేవారు. ఒకరోజు ఇంగ్లిష్ పేపర్లో ఒక కోర్టు వార్త మీద వేలు పెట్టి, "తమ్ముడూ, కంటెమ్నార్ అంటే ఎవరో తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. "కోర్టు ధిక్కారం చేసినవాడు. చివరి ఎన్ ఇక్కడ పలుకుతుంది, చూడు" అన్నారు.

అప్పుడు వెలిగింది. కంటెమ్‌లో పలకని ఎన్, కంటెమ్నార్‌లో పలుకుతోంది. ఆటమ్ (శరదృతువు)లో పలకదు, ఆటమ్నల్‌లో పలుకుతుంది. కండెమ్‌లో పలకదు, కండెమ్నేషన్‌లో పలుకుతుంది. ఆ సాయంత్రం మొదలుపెడితే మూడు రోజులు డిక్షనరీలతోనే గడిచాయి. లాటిన్‌లో టెమ్నెరె అంటే చిన్నచూపు చూడటం. దానికి ముందు ఒత్తి చెప్పే ఉపసర్గ చేరి కంటెమ్నెరె అయింది. 15వ శతాబ్దం నాటికే ఇది ఇంగ్లిష్‌లో ఉంది. 1611 నాటి ఇంగ్లిష్ అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిల్‌లో, 10వ కీర్తనలో, దుష్టుడు దేవుణ్ణి ఎందుకు తృణీకరిస్తాడు అని అడిగేచోట వాడిన క్రియ ఇదే. తర్వాత ఈ క్రియ రోజువారీ వాడుకలోంచి తప్పుకుంది. నామవాచకం కంటెంప్ట్ (ధిక్కారం) మాత్రం నిలిచిపోయింది. మన కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్స్ చట్టం, 1971 పేరులో ఉన్నది అదే. పాలిటీలో, ధిక్కారానికి శిక్షించే అధికారాన్ని సుప్రీంకోర్టుకు, హైకోర్టులకు ఇచ్చే 129, 215 ఆర్టికల్స్ చదివిన ప్రతిసారీ ఈ మాట నా కళ్ల ముందే ఉంది. నేనే గుర్తుపట్టలేదు.

మరి కండెమ్? దాని ఇల్లే వేరు. లాటిన్‌లో డామ్నమ్ అంటే నష్టం. డ్యామేజ్ కూడా అక్కడిదే. చూడటానికి కవలల్లా ఉన్నా కండెమ్‌కూ కంటెమ్‌కూ చుట్టరికం లేదు.

ఇంకా నన్ను కదిలించింది మన తెలుగు. సంస్కృతంలో ధిక్ అంటే ఛీ. ఛీకొట్టడమే ధిక్కారం. తృణం అంటే గడ్డిపరక, గడ్డిపరకలా చూడటం తృణీకరించడం. ఇంగ్లిష్‌లో విలిపెండ్ (చులకన చేయడం) అనే పాత క్రియ కూడా అలాంటిదే, లాటిన్‌లో చవక అనే మాట, తూచడం అనే మాట కలిసి పుట్టింది. డిస్పైజ్ అంటే పైనుంచి కిందికి చూడటం. స్పర్న్ అంటే పాత ఇంగ్లిష్‌లో కాలితో తన్నడం. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకున్నాడని మన ఇళ్లలో రోజూ అనుకుంటాం కదా. ఆ పోలికలన్నీ మనకు ముందే తెలుసు. మనం వాటిని వాడుకోవడం లేదంతే.

ఒక్క మాటకు మూడు రోజులా అని రూమ్‌మేట్స్ అన్నారు. వాళ్లది తప్పని కాదు, టైమ్ విలువ నాకూ తెలుసు. కానీ అంతకుముందు ఏడాదంతా వెయ్యి మాటల లిస్టు బట్టీపట్టి, నెల తిరక్కుండా మర్చిపోయినవాణ్ణి నేను. ఆ మూడు రోజుల్లో రాసుకున్నవి ఇప్పటికీ ఒక్కటీ పోలేదు. అప్పటినుంచి రోజుకు పది మాటలే. ప్రతిదానికీ మూలం, పక్కన తెలుగు మాట, దాన్ని పోలిన ఇంకో మాట. పండగ రోజైనా, జ్వరమొచ్చినా మానలేదు. పొద్దున తొమ్మిది దాకా ఫోన్ తాకలేదు. దయచేసి మీరూ తాకొద్దు. పేపర్ టఫ్ అని, లక్ లేదని తర్వాత అనుకోవడం కన్నా పొద్దున ఫోన్ లేకుండా రెండు గంటలు కూర్చోవడం తేలిక.

రెండో అటెంప్ట్‌లో కంటెమ్ రాలేదు. డిస్‌పారేజ్ వచ్చింది. పాత ఫ్రెంచ్‌లో సరిసమానం కానివాళ్లతో పెళ్లి చేయడం అని దాని అర్థం. నా నోట్‌బుక్‌లో పక్కన 'కించపరచడం' అని ఎర్ర పెన్నుతో రాసిన చోటు కళ్లకు కట్టింది. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లాను.

ఆ నోట్‌బుక్ ఫొటోలు పెట్టమంటున్నారు. అది ప్రస్తుతం నా దగ్గర లేదు. లైబ్రరీ అక్కకు మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ ఉంది, ఆమెకిచ్చాను. పరీక్ష అవగానే తెచ్చుకుని పెడతాను.