పొడుగు పిల్లాడికి రియర్ ఫేసింగ్ కార్ సీటు: మూడు వారాల నా అనుభవం

నిన్న సాయంత్రంతో మా కార్ సీటు పని ముగిసింది. బెల్టు లాగి లాగి అరచేతుల్లో పడ్డ ఎర్రటి చారలు ఇంకా పోలేదు. అవి పోయేలోపే రాసేద్దామని కూర్చున్నాను. ఎందుకంటే మావాడిలాంటి పొడుగు పిల్లలున్న ప్రతి అమ్మకీ ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు: "ఇంత పొడుగున్నాడు, ఇంకా వెనక్కి తిప్పి కూర్చోబెడుతున్నారా?" అవును, మొహం కారు వెనకవైపుకి ఉండేట్టు, అంటే రియర్ ఫేసింగ్‌లోనే కూర్చోబెడుతున్నాను. ఇంకో రెండేళ్లయినా అలాగే కూర్చోబెడతాను.

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మావాడికి 22 నెలలు, ఎత్తు 36న్నర అంగుళాలు, బరువు 29 పౌండ్లు. మా ఆయన ఆరడుగుల రెండంగుళాలు, వీడికి పోలికంతా అటే వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గర గ్రోత్ చార్టులో వాడి చుక్క మొదట్నించీ అన్నిటికన్నా పై గీత దగ్గరే, మొన్న ఆ గీతా దాటింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న బకెట్ సీటు 32 అంగుళాల వరకే అని రాసుంటే, ఏడాది నిండిన కొద్ది రోజులకే దాన్ని తీసేయాల్సి వచ్చింది. అప్పుడు తేలిగ్గా, చవగ్గా ఉందని వెనక్కైనా ముందుకైనా తిప్పి పెట్టుకోగల కన్వర్టిబుల్ సీటు ఒకటి కొన్నాం. రియర్ ఫేసింగ్ 40 అంగుళాల దాకా అని దాని మీద ఉంది కదా, మూడేళ్లొచ్చే వరకు మళ్లీ చూడక్కర్లేదనుకున్నాం.

అక్కడే పొరబడ్డాం. వాడి నడినెత్తికీ సీటు పై అంచుకీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలని కూడా మాన్యువల్‌లో ఉంది. బరువు, ఎత్తు, ఈ అంగుళం, మూడింట్లో ఏ ఒక్కటి ముందు దాటినా ఆ సీటు పని అయిపోయినట్టే. ఒకరోజు డేకేర్ నుంచి తీసుకొస్తుంటే అద్దంలో సీటు అంచు మీదుగా వాడి జుట్టు కనిపించింది. ఇంటికొచ్చి స్కేలు పెట్టి చూస్తే అర అంగుళం కూడా లేదు.

"ఇక ముందుకి తిప్పేద్దాం, టెక్సస్ చట్టంలో ఎటు తిరిగి కూర్చోవాలో లేనే లేదు" అన్నారు మా ఆయన. నిజమే. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాలు దాటకపోతే, కార్ సీటులో ఉండాలి, ఆ సీటును కంపెనీ చెప్పినట్టు వాడాలి, ఇక్కడి చట్టం అంతే. కాలిఫోర్నియాలో అయితే 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో వచ్చిన పిల్లలు తప్ప, రెండేళ్ల లోపు అందరూ వెనక్కి తిరిగే కూర్చోవాలి. చట్టం రాష్ట్రానికొకటి ఉండొచ్చు గాని పిల్లాడి మెడ ఎక్కడైనా ఒకటే. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే, ముందుకి చూస్తున్న పిల్లాడి ఒంటిని పట్టీలు ఆపుతాయి, తల మాత్రం విసురుగా ముందుకి పోతుంది, ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిపి సీటు కాచుకుంటుంది. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2011లో రెండేళ్ల వరకు వెనక్కే అన్నారు. 2018లో ఆ వయసు మాట కూడా తీసేసి, సీటు కొలతలు ఒప్పుకున్నంత కాలం వెనక్కే ఉంచమన్నారు. ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను, సరేనన్నారు. శనివారం షాపుకి వెళ్దామనుకున్నాం.

ఆ శనివారం గురించి చెప్పాలి. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిల్లల సామాన్లు అమ్మే పెద్ద షాపు, పేరు రాయను. నేను, మా ఆయన, మావాడు, తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తయ్యగారు, అందరం వెళ్లాం. అక్కడ ఒకాయన వచ్చాడు. "ఈ పిల్లాడికి రియర్ ఫేసింగ్ సీటు కావాలి, తలకి పైన బాగా ఖాళీ ఉండేది" అన్నాను. ఆయన మావాడిని కింద నుంచి పైదాకా చూసి నవ్వాడు. నవ్వి, నాతో కాదు, మా ఆయనతో మొదలుపెట్టాడు. "వీడు ఇంకా బేబీ సీటులో ఏమిటి సార్, వయసెంత, మూడా?" ఇంకా రెండు కూడా నిండలేదన్నాను. "వయసుతో పని లేదు, సైజు చూడాలి" అని, అరల మీద ఉన్న ఒక సీటు కిందపెట్టి, నన్ను అడక్కుండానే మావాడిని ఎత్తి అందులో కూర్చోబెట్టి, వాడి రెండు కాళ్లూ పట్టుకుని చాపి, సీటు దాటి ఎంత బయటికి వస్తున్నాయో అందరికీ కనబడేట్టు చూపించాడు. "చూడండి, కాళ్లు పెట్టుకోడానికి చోటు లేదు. యాక్సిడెంట్ అయితే ఈ కాళ్లు విరుగుతాయి. ఇంత పెద్దవాణ్ని వెనక్కి కూర్చోబెట్టడం వాడికి శిక్ష." పక్క వరసలో ఉన్న ఒక జంట ఆగి మావైపు చూస్తున్నారు. మావాడు కొత్త మనిషి కాళ్లు పట్టుకోగానే ఏడుపు అందుకున్నాడు. "అదిగో, వాడే చెప్తున్నాడు" అన్నాడాయన.

నేను ఆ సీటు వెనక జేబులోంచి మాన్యువల్ తీసి, ఎత్తు, బరువు, తల పైన ఖాళీ ఉన్న పేజీ చూపించాను. కాళ్ల గురించి అందులో ఎక్కడైనా ఒక్క ముక్క ఉందేమో చూపించమన్నాను. ఆయన ఆ పేజీ వైపు చూడను కూడా లేదు. తను పన్నెండేళ్లుగా సీట్లు అమ్ముతున్నానని, ఇంటర్నెట్‌లో చదివొచ్చే తల్లులు వారానికొకరు వస్తారని, మళ్లీ మా ఆయనకే చెప్పాడు. అప్పుడు మా అత్తయ్యగారు తెలుగులో, మెల్లగానే, "అమ్మాయ్, అంత తెలిసినతను చెప్తుంటే వినొచ్చు కదా, పసివాడి కాళ్లు నలిగిపోతున్నాయే" అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనమే నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. పది నిమిషాల్లో ముందుకి మాత్రమే పెట్టుకునే సీటు ఒకటి పెద్ద డబ్బాలో మా ట్రాలీలోకి ఎక్కింది. బిల్లు లైనులో నిలబడి ఉండగా ఆ డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. కనీస వయసు రెండేళ్లు! మావాడికి 22 నెలలు. వాడి వయసు అడిగి, విని, పని లేదని కొట్టిపారేసిన మనిషి, రెండేళ్లు నిండని పిల్లాడికి పెట్టకూడదని డబ్బా మీదే రాసున్న సీటు మాకు అమ్మబోయాడు. ట్రాలీ అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. కారులో కూర్చుని ఏడ్చాను. కోపానికి ఏడ్చాను.

షాపులో మనిషి యూనిఫాం వేసుకున్నంత మాత్రాన వాడికి పిల్లాడి మెడ గురించి తెలిసినట్టు కాదు. ఏ షాపులోనైనా ముందు మాన్యువల్ అడగండి. ఇవ్వను, చూడను అన్నవాడి దగ్గర కొనకండి.

ఇక కాళ్ల సంగతి. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలకు కాళ్ల దెబ్బలు అరుదు అని పిల్లల డాక్టర్లే రాస్తున్నారు. ముందుకి తిరిగి ఉన్న పిల్లలకే కాళ్లు ఎగిరి ముందు సీటుకి కొట్టుకుంటాయి. ఇది అత్తయ్యగారికి చెప్పడానికి నాకు డాక్టర్ల మాట అవసరం లేకుండా పోయింది. మర్నాడు పొద్దున ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, మావాడు ఎదురుగా అచ్చం అలాగే కూర్చుని ఒక్కో గింజా గిన్నెలో వేస్తున్నాడు. అరగంట కదల్లేదు. "అత్తయ్యా, వాడి కాళ్లు నలుగుతున్నాయా?" అన్నాను. ఆవిడ వాడి వైపు చూశారు, నా వైపు చూశారు. "ఇంతసేపు కూర్చోగలడని నాకు తోచలేదే" అన్నారు. నేల మీద కూర్చుని అన్నం తిని పెరిగినవాళ్లం మనం, కాళ్లు ముడవడం పిల్లాడికి కష్టమని మనకే ఎవరో చెప్పాలా?

ఆ మధ్యాహ్నమే అసలు కొలత తీశాను. పొడుగు పిల్లలకు చూడాల్సింది నిలబడ్డ ఎత్తు కాదు, కూర్చున్న ఎత్తు. వాణ్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నెత్తి మీద అట్ట అడ్డంగా పెట్టి పెన్సిలుతో గీత గీశాను. 21 అంగుళాలు. మిగతాదంతా కాళ్లే. ఇలా కొలిచి చూసిన తల్లిని మా అపార్ట్‌మెంట్లలో నన్ను తప్ప ఇంకొకర్ని చూపించండి, నేను గర్వంగానే చెప్పుకుంటున్నాను.

కొలత చేతిలో ఉంటే ఎంపిక తేలికైపోయింది. వేరే షాపులో ఒకమ్మాయి డిస్‌ప్లే సీట్లు పార్కింగ్ దాకా తెచ్చి మా కారులోనే పెట్టి చూసుకోనిచ్చింది. క్లెక్ ఫూన్ఫ్ అనే సీటు చాలా గట్టిగా అనిపించింది గాని రియర్ ఫేసింగ్ 43 అంగుళాల దాకే, మావాడు పెరిగే తీరుకి చాలదు. నూనా రావా 50 పౌండ్లు, 49 అంగుళాలు, ధర ఐదొందల డాలర్ల పైమాటే. గ్రాకో ఎక్స్‌టెండ్‌టుఫిట్‌కీ అవే 50 పౌండ్లు, 49 అంగుళాలు, రెండొందల చుట్టూ. దానికి కాళ్ల దగ్గర బయటికి లాగే పలక ఒకటుంది, పూర్తిగా లాగితే ఐదంగుళాల చోటొస్తుంది. దీంట్లో తల కొలత చూడాల్సింది హెడ్‌రెస్టు పైనున్న పిడి నుంచి, దానికి అంగుళం కింద తల ఉండాలి. హెడ్‌రెస్టు పిల్లాడితో పాటు పైకి జరుగుతుంది కాబట్టి చాలా రోజులొస్తుంది. అదే తీసుకున్నాం.

మాది చిన్న సెడాన్. మా ఆయన సీటు వెనక్కి జరపకపోతే డ్రైవ్ చెయ్యలేరు, ఆయన వెనక ఏ రియర్ ఫేసింగ్ సీటూ పట్టలేదు. నేను ఐదడుగుల రెండు, అందుకని నా వెనక పెట్టాం. ఇంకో సంగతి, మెడ నిలవని పసిబిడ్డకి సీటు బాగా వాల్చాలి, ఈ వయసు పిల్లలకి మాన్యువల్ ఒప్పుకున్నంత నిటారుగా పెట్టొచ్చు. అలా పెడితే ముందు సీటుకి చోటు మిగులుతుంది, పిల్లాడికీ బయట బాగా కనబడుతుంది.

బిగించడం దగ్గర మళ్లీ చిక్కుపడ్డాం. రెండు సాయంత్రాలు, ఆగస్టు ఎండకి కాలిన కారులో, మోకాలితో తొక్కి, సీటును కట్టే కారు బెల్టు లాగడం, సీటు ఊగడం. చివరికి ఫైర్ స్టేషన్‌లో చైల్డ్ సీటు టెక్నీషియన్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పైసా తీసుకోరు. ఆవిడ సీటు ముట్టుకోలేదు, "నువ్వు చెయ్యి, నేను చూస్తాను" అంది. నేను బెల్టు పెట్టగానే ఆపి, "చివరి దాకా లాగావా?" అంది. బెల్టుని పూర్తిగా, ఇక రానంత దాకా బయటికి లాగి వదిలితే టిక టిక టికమని శబ్దం చేస్తూ లోపలికి పోతుంది, అప్పుడే అది లాక్ అవుతుంది. అది నాకు తెలియదు. అంటే పాత సీటు పది నెలలు లాక్ చెయ్యని బెల్టుతోనే తిరిగింది. హైవే 75 మీద ఎన్నిసార్లు వెళ్లామో గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. ఆవిడ కోప్పడలేదు, "ఇప్పుడు తెలిసింది కదా" అని నా చెయ్యి తీసుకుని బెల్టు దూరే చోట పెట్టి, అక్కడ పట్టుకుని ఊపమంది. అక్కడ అంగుళం కన్నా తక్కువ కదిలితే చాలు. నేను రెండు రోజులుగా సీటు పైభాగం పట్టుకుని ఊపుతున్నాను, రియర్ ఫేసింగ్‌లో పైభాగం కొంత కదులుతుందట. పట్టీలు భుజాలకి సమానంగానో కాస్త కిందనో రావాలి, పట్టీల్ని కలిపే క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, చలికాలం లావు జాకెట్ వేసి పట్టీలు బిగించకూడదు. ఇవన్నీ చూపించి పంపింది. మీ ఊళ్లో ఇలాంటివాళ్లుంటే ఒక్కసారి వెళ్లి చూపించుకోండి, సిగ్గుపడకండి.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి ఇదంతా ఫోన్‌లో చెప్తే, "అక్కా, ఇక్కడ మా ఆవిడ బిడ్డని ఒళ్లో పెట్టుకుంటుంది కదా" అన్నాడు. గట్టిగా కేకలేశాను. ఎంత గట్టిగా పట్టుకున్నా, కారు ఒక్కసారిగా ఆగినప్పుడు తల్లి చేతుల్లో పిల్లాడు నిలవడు. 2019 నుంచి అక్కడా చట్టం ఉంది, పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కాకపోతే అక్కడ దొరికే చాలా సీట్లు రియర్ ఫేసింగ్ 13 కిలోల దాకే, కాబట్టి కొనేముందు 18 కిలోల దాకా ఒప్పుకునేది వెతకమన్నాను. వచ్చే నెల జీతం రాగానే కొంటానన్నాడు. కొనేదాకా రోజూ ఫోన్ చేస్తాను.

పాత సీటు గడువు ఇంకా ఉంది, యాక్సిడెంట్ అవ్వలేదు, అన్ని భాగాలూ ఉన్నాయి. పక్క బ్లాకులో ఒకమ్మాయి వాళ్ల పదిహేను నెలల పాపకి అడిగింది. ఇచ్చేముందు పాపని తీసుకురమ్మన్నాను, మా గోడకే ఆనించి కూర్చోబెట్టి, మావాడి గీత కింద ఇంకో గీత గీశాం. ఆ సీటులో పాప తల పైన ఇంకా మూడంగుళాల ఖాళీ ఉంది. తీసుకెళ్లమన్నాను గాని, బిగించేటప్పుడు నన్ను పిలవమని రెండుసార్లు చెప్పాను.