ఐజక్ ఒక వరుసలో, కిట్టీ ఇంకో వరుసలో

శనివారం. పొద్దున్నుంచీ ముసురు. సాకర్ లేదని ఎనిమిదింటికే మెసేజ్ వచ్చింది. మా అమ్మాయి నాలుగో తరగతి. ఇక్కడ ఆ తరగతిలో వర్జీనియా చరిత్ర చదివిస్తారు. జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్ మీద ఒక పేజీ రాసుకురమ్మన్నారట. "జార్జ్ వాషింగ్టన్ తన వీలునామాలో బానిసలకు స్వేచ్ఛ ఇచ్చాడు" అని రాసి ఆగిపోయింది. "తర్వాత వాళ్లందరూ ఎక్కడికెళ్లారమ్మా?" అంది.

ఆ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడం లేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మౌంట్ వెర్నన్ తీసుకెళ్తాం. భవనం, వెనక పోటోమాక్ నది, వాషింగ్టన్ సమాధి, నాలుగు ఫొటోలు, ఇంటికి. పౌరసత్వ పరీక్షకు చదివినప్పుడు ఈ దేశపు జాతిపిత ఎవరంటే ఆయన పేరే చెప్పాలని నేర్చుకున్నాం. ఆ సమాధికి కొద్ది దూరంలోనే, చెట్ల మధ్య, ఆ ఇంటికీ పొలాలకీ చాకిరీ చేసినవాళ్ల శ్మశానం ఉంది. ఒక్క గొయ్యి మీదా పేరు లేదు. అక్కడి పురావస్తు బృందం 2014 నుంచి పైమట్టి మాత్రమే తీసి, గొయ్యి ఆనవాలు కనిపించగానే ఆగిపోయి, ఎవరినీ కదపకుండా లెక్క రాసుకుని మళ్లీ కప్పేస్తోంది. అక్కడ నిలబడిన రోజు నుంచీ ఆ మనుషుల పేర్లూ, వాళ్ల పిల్లల పేర్లూ వెతకడం మొదలుపెట్టాను.

అమ్మాయికి జవాబు చెప్పడానికి లాప్‌టాప్‌లో 1799 జాబితా తెరిచాను. ఆ ఏడాది వేసవిలో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, వాషింగ్టన్ స్వయంగా రాసిన జాబితా ఇది. మౌంట్ వెర్నన్ అంటే ఒక్క భవనం కాదు. మాన్షన్ హౌస్, రివర్ ఫామ్, డోగ్ రన్, మడ్డీ హోల్, యూనియన్ ఫామ్ అని ఐదు కమతాలు. ఏ కమతంలో ఎవరెవరున్నారో, వాళ్ల పేరేంటో, వయసెంతో, ఏ పని చేస్తారో, భార్య లేదా భర్త ఎవరో, ఎక్కడుంటారో అన్నీ రాశాడు. ఇంటిపేరు దాదాపు ఎవరికీ లేదు. పేజీ రెండు వరుసలుగా ఉంటుంది. ఒకటి ఆయన సొంతం. రెండోది డవర్, అంటే వాషింగ్టన్ భార్య మార్తాకు మొదటి భర్త డేనియల్ కస్టిస్ ఆస్తి తాలూకు వాళ్లు. ఆయన 1757లో వీలునామా రాయకుండా చనిపోయాడు కాబట్టి, మూడో వంతు మార్తా బతికున్నంత కాలం ఆమె అనుభవంలో ఉంటుంది, ఆ తర్వాత కస్టిస్ వారసులకు పోతుంది. భూమైనా అంతే, మనుషులైనా అంతే.

మొత్తం 317 మంది. అందులో వాషింగ్టన్ సొంతం 123 మంది. డవర్ 153 మంది. మిగతావాళ్లు వేరేవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చినవాళ్లు. వీలునామా వర్తించేది ఆ 123 మందికే. డవర్ వరుసలో ఉన్నవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చే హక్కు ఆయనకు గానీ మార్తాకు గానీ లేదు.

ఐజక్ అనే వడ్రంగి దగ్గర ఆగాను. సొంతం వరుసలో ఉన్నాడు. పక్కన భార్య కిట్టీ అని ఉంది. కిట్టీ పాల పనులు చూసే మనిషి. ఆమె పేరు వెతికితే డవర్ వరుసలో తేలింది. వాళ్లకు తొమ్మిది మంది ఆడపిల్లలు. 1662 నుంచీ వర్జీనియా చట్టం ఒక్కటే మాట చెప్పింది: తల్లి ఏ స్థితిలో ఉంటే బిడ్డదీ అదే స్థితి. తండ్రి ఎవరన్నది లెక్కలోకి రాదు. కాబట్టి తొమ్మిది మందీ డవరే. ఆ వీలునామాతో ఆ ఇంట్లో స్వేచ్ఛ వచ్చింది ఒక్క ఐజక్‌కి.

అత్తయ్య కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏంటమ్మాయ్, పొద్దున్నే ఈ లెక్కలు?" అన్నారు. వాళ్ల నాన్నగారు కరణం. కాగితం ఎలా చదవాలో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. ఇంగ్లిషు రాకపోయినా ఆ వరుసలు చూసి, "ఇది పంపకాల కాగితంలా ఉందే. గొడ్డూ గోదా, బిందెలూ మంచాలూ ఎవరి వాటాకి ఏవి వచ్చాయో ఇలాగే రాసుకునేవాళ్లు" అన్నారు. ఇవి మనుషుల పేర్లని చెప్పాను. ఐజక్, కిట్టీల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెళ్లిళ్లు చేసుకోనిచ్చారు కదా, అప్పుడు తెలియదా వీళ్లు రేపు విడిపోతారని?" అన్నారు.

తెలుసు. వీలునామాలోనే రాశాడు ఆ మాట. తనవాళ్లూ డవర్ వాళ్లూ పెళ్లిళ్లతో కలిసిపోయారనీ, ముందే తనవాళ్లను విడిపిస్తే చాలా బాధాకరంగా ఉంటుందనీ, అందుకే మార్తా పోయాక విడిపించమనీ. అంటే ఆ బాధను తప్పించలేదు, వాయిదా వేశాడు. ముసలివాళ్లకూ చేతకానివాళ్లకూ తిండీ బట్టా చూడాలనీ, తల్లిదండ్రులు లేని పిల్లలకు చదవడం, రాయడం నేర్పించాలనీ కూడా రాశాడు. ఆ ముసలివాళ్ల పోషణ ఖర్చు 1833 దాకా ఆ ఎస్టేట్ ఇచ్చింది. ఇదీ చెప్పాల్సిందే, ఇది నిజం కాబట్టి. కానీ ఈ మంచి మాట చెప్పి పుస్తకం మూసేసే అలవాటు నాకు నచ్చదు. పిల్లల పుస్తకాల్లో సరిగ్గా ఇక్కడే మూసేస్తారు.

వాషింగ్టన్ 1799 డిసెంబర్ 14న పోయాడు. మార్తా తాను పోయేదాకా ఆగకుండా 1801 జనవరి 1న వాళ్లను విడిపించింది. తాను పోతేనే తమకు స్వేచ్ఛ అని తెలిసిన అంతమంది మధ్య ఆమెకు ప్రాణభయం పట్టుకుందని రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ ఆడమ్స్ తన ఉత్తరంలో రాసింది. 1802 మేలో మార్తా పోయింది. డవర్ మనుషులను నలుగురు మనవలకు వాటాలేశారు: ఎలిజబెత్, మార్తా, నెల్లీ, జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్. నాలుగు ఇళ్లు, నాలుగు ఊళ్ల దారులు. భర్త స్వేచ్ఛగా ఉన్నాడు, భార్యాపిల్లలు ఎవరి వాటాకి పడితే ఆ ఇంటికి.

సాంబో ఆండర్సన్ కథ నాకు మరీ ఇష్టం. ఆఫ్రికాలో పుట్టినవాడు, మౌంట్ వెర్నన్ వడ్రంగి, భార్య ఆగ్నెస్ డవర్. స్వేచ్ఛ వచ్చాక అడవి బాతులను వేటాడి అలెగ్జాండ్రియాలో హోటళ్లకూ పెద్ద ఇళ్లకూ అమ్మేవాడు. ఆ డబ్బుతో తన కుటుంబంలో కొందరిని కొని విడిపించుకున్నాడు. సొంత మనుషులను సొంత డబ్బు పెట్టి కొనుక్కోవడం! దానికి తోడు 1806లో వర్జీనియా ఇంకో చట్టం తెచ్చింది. ఆ తర్వాత స్వేచ్ఛ పొందినవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం వదిలి వెళ్లాలి. అందుకని చాలామంది భార్యను, పిల్లలను కొన్నాక కూడా కాగితం మీద తమ ఆస్తిగానే ఉంచుకోవాల్సి వచ్చింది. వెతికేవాళ్లకు ఇదొక చిక్కు. యజమాని అని రాసి ఉన్న పేరు ఒక్కోసారి తండ్రి పేరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ కూర్చున్నాను. ఈసారి అమ్మాయి కూడా పక్కనే.

ఇంటిపేర్లు లేనప్పుడు మనిషిని ఎలా వెతుకుతారు అని అడిగింది. ఒక దారి రిజిస్టర్లు. 1793 చట్టంతో స్వేచ్ఛగా ఉన్న ప్రతి నల్లజాతి మనిషీ కోర్టులో పేరు నమోదు చేయించుకుని, కాగితం దగ్గర పెట్టుకోవాలి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1822 నుంచి 1861 దాకా ఉన్న రిజిస్టర్ మిగిలింది. వెస్ట్ ఫోర్డ్ అనే ఆయన నమోదు తీసి చూపించాను. 1831. వయసు దాదాపు 47. ఐదడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ప్రసన్నమైన ముఖం. ఎడమ చెంప మీద మచ్చలా కనిపించే ఒక ముడత, పై పెదవి ఎడమ మూల ఒక మచ్చ. వాషింగ్టన్ తమ్ముడి భార్య హన్నా వాషింగ్టన్ వీలునామాతో స్వేచ్ఛ పొందినవాడు. దారిలో ఎవరైనా ఆపితే ఆ మచ్చలు చూపించి, తాను ఎవరి ఆస్తీ కానని రుజువు చేసుకోవాలి. ఆ వర్ణన ఇప్పుడు ఆయన వారసులకు దొరికే ఒక ఆధారం. ఈ వెస్ట్ ఫోర్డే 1833లో 214 ఎకరాలు కొన్నాడు. ఆ నేల మీద గమ్ స్ప్రింగ్స్ అనే ఊరు లేచింది. స్వేచ్ఛ పొందిన కుటుంబాలు అక్కడ చేరాయి. మౌంట్ వెర్నన్ నుంచి కారులో పది నిమిషాలు కూడా ఉండదు.

ఇంకో దారి పాత యజమానుల పేర్లు. వాషింగ్టన్ వంటవాడు హెర్క్యులిస్ 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా ఆయన పుట్టినరోజున, మౌంట్ వెర్నన్ నుంచి తప్పించుకుపోయాడు. పిల్లలు డవర్, అక్కడే ఉండిపోయారు. ఆ ఏడాదే వచ్చిన ఫ్రెంచి రాకుమారుడు లూయీ ఫిలిప్ డైరీలో ఒక సంగతి ఉంది. నాన్న ఇక కనపడడని బాధగా ఉందా అని హెర్క్యులిస్ చిన్న కూతురిని అడిగితే, చాలా సంతోషంగా ఉంది, ఇప్పుడాయన స్వేచ్ఛగా ఉన్నాడు కదా అందట. మా అమ్మాయి ఈ మాట రెండుసార్లు చదివించుకుంది. హెర్క్యులిస్ ఏమయ్యాడో రెండు వందల ఏళ్ల పైచిలుకు ఎవరికీ తెలియలేదు. వాషింగ్టన్ కంటే ముందు ఆయన యజమాని పోసీ. ఆ ఇంటిపేరుతో వెతికినవాళ్లకు 2019లో న్యూయార్క్ మరణాల రికార్డులో హెర్క్యులిస్ పోసీ దొరికాడు. 1812 మే 15న క్షయతో పోయాడు.

అంతర్యుద్ధం తర్వాతి తరాలకు దారి కొంచెం వెడల్పు. కానీ 1870 జనగణన అనే గోడ ఒకటి అడ్డం వస్తుంది. బానిసలుగా ఉన్నవాళ్లందరి పేర్లూ మొదటిసారి రాసింది అందులోనే. 1850, 1860 పట్టీల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే. మనిషి పేరు కావాలంటే యజమాని వీలునామాలూ, లెక్కల పుస్తకాలూ, పంపకాల కాగితాలూ తిరగేయాలి.

క్వాండర్ కుటుంబం మాత్రం ఈ గోడను దాటింది. రివర్ ఫామ్‌లో సకీ బే అనే ఆవిడ కూతురు నాన్సీ, తల్లి సొంతం వరుసలో ఉండడం వల్ల స్వేచ్ఛ పొందింది. ఆమె పెళ్లాడిన ఇంటివాళ్లు క్వాండర్లు. 1926 నుంచి ఆ కుటుంబం పునస్సమ్మేళనాలు జరుపుకుంటోంది. అలెగ్జాండ్రియా దగ్గర క్వాండర్ రోడ్ ఉంది. ఆ బోర్డు కింద నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్లాం. అది మనిషి ఇంటిపేరని ఈరోజే చెప్పాను పిల్లకి.

సాయంత్రానికి దాని పేజీ పూర్తయింది. ఐజక్ గురించీ కిట్టీ గురించీ రాసింది. టీచర్ ఒక పేజీ చాలన్నారు కాబట్టి ఆపేసింది గానీ నా పని మిగిలే ఉంది. పార్క్ కస్టిస్ వాటాకు వచ్చినవాళ్లను ఆయన తన ఎస్టేట్ ఆర్లింగ్టన్‌కు తీసుకెళ్లాడు. ఆయన 1857లో పోతూ తన బానిసలను ఐదేళ్లలోగా విడిపించమని రాశాడు. అల్లుడు రాబర్ట్ ఇ. లీ ఆ విడుదల పత్రం మీద సంతకం పెట్టింది 1862 డిసెంబర్ 29న, గడువు నిండిపోయాక. ఐజక్‌కి స్వేచ్ఛ వచ్చిన దాదాపు 62 ఏళ్లకు. ఆ పత్రంలో పేర్లకు ఇంటిపేర్లున్నాయి: సైఫాక్స్, నారిస్, గ్రే, ఇంకా చాలా. కస్టిస్‌ల మిగతా తోటల మనుషులు కూడా అందులో కలిసి ఉన్నారు కాబట్టి మౌంట్ వెర్నన్ వాళ్లెవరో విడదీయాలి. 1802 వాటాల జాబితా ఒకటి మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, రేపు అమ్మాయి నిద్ర లేవకముందు, కిట్టీ పేరు దగ్గర్నుంచి మొదలుపెడతాను. అత్తయ్య కూడా కూర్చుంటానన్నారు. వాటాల లెక్క తనకు వదిలేయమన్నారు.